తొమ్మిదడుగుల క్రిస్మస్ దండ

మా బరంపురంలో క్రిస్మస్ నెల వచ్చిందంటే బజారులో ప్లాస్టిక్ దండలు వేలాడతాయి. ముదురు ఆకుపచ్చ రంగు, మధ్యలో ఎర్రటి పూసలు, చివర ఒక గంట. చూడ్డానికి బాగానే ఉంటాయి. రెండేళ్ళు అటక మీద ఉంటే దుమ్ము పట్టి, మూడో ఏడు పీచు ఊడుతుంది. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. అది పోయిన కథే ఇది. దాని బదులు ఇంట్లోనే కట్టుకున్న దండ ఎలా కట్టాలో కూడా చెబుతాను.

2013 అక్టోబరు 12 రాత్రి, దసరా నవరాత్రుల్లో, ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మాకు అది 16 కిలోమీటర్ల దూరం. గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం. ముందుగా సుమారు 10 లక్షల మందిని సురక్షిత స్థలాలకు తరలించారు గనుక ప్రాణాలు చాలావరకు దక్కాయి. ఇళ్ళ కప్పులు, చెట్లు, కరెంటు స్తంభాలు మాత్రం దక్కలేదు. మా వెనక గది రేకులు రెండు లేచిపోయి, అమ్మ ట్రంకు పెట్టె రాత్రంతా వానలో తడిసింది. అందులో ఆమె పెళ్ళినాటి బరంపురం పట్టు చీర, ముప్పై ఏళ్ళుగా దాచుకున్న రంగు కాగితాల తోరణాలు, ప్లాస్టిక్ దండ ఉన్నాయి. మేము పెట్టె తెరిచి చూసేసరికి మూడు రోజులైంది. కాగితాలు ముద్దైపోయాయి. చీర మడత విప్పితే మడతల వెంబడే చిరిగింది.

డిసెంబరు వచ్చేసరికి కొత్త రేకులకూ తాపీ పనికీ నా జీతంలో పెద్ద భాగం పోయింది. పండుగ ఖర్చు తగ్గించుకుందామని నేనే అనబోతుంటే అమ్మ ముందే తేల్చేసింది.

"ఏటిరా, ఊళ్ళో సగం మందికి నెత్తిన కప్పు లేదు. మన గుమ్మానికి దండలేటి? ఈ ఏడు వద్దు."

నాకు కాదనడానికి నోరు రాలేదు. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. అది మాత్రం ఊరుకోలేదు. "నానమ్మా, మన గుమ్మానికి ఏమీ లేకపోతే క్యారల్స్ వాళ్ళు మన ఇల్లు దాటి వెళ్ళిపోతారు" అంది. మా తెలుగు సంఘంలో కుర్రాళ్ళు డిసెంబరు రాత్రుళ్ళు ఇంటింటికీ వచ్చి పాడతారు. మా నాన్నగారు పోయినప్పటి నుంచి అమ్మ ఆ ఒక్క రాత్రి కోసమే ఏడాదంతా ఎదురుచూసేది. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం, "సరుగుడు మండలు దొరుకుతాయేమో చూడు. డబ్బులు పెట్టి కొనకు" అంది.

సరుగుడు గురించి రెండు మాటలు. మన తీరప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు కొమ్మే. క్రిస్మస్ చెట్టు ఆచారం జర్మనీది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో పడ్డాక ఇంగ్లాండులో ఇంటింటికీ పాకింది. ఆ దేశాల దేవదారు జాతి చెట్లు మన ఎండలకు బతకవు గనుక, చూపుకు దగ్గరగా ఉన్న సరుగుడుతో మనవాళ్ళు సరిపెట్టుకున్నారు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నని రెమ్మలు. కణుపు దగ్గర విడదీస్తే చిన్న పళ్ళలా కనిపించేవే అసలు ఆకులు. చిన్నప్పుడు ఆ కణుపులు ఊడదీసి మళ్ళీ అతికించి, ఎక్కడ విరిచామో చెప్పమని పందాలు కాసుకునేవాళ్ళం.

గోపాలపురం దారిలో ఎటు చూసినా సరుగుడు చెట్లు తుఫానుకు పడి ఉన్నాయి. చాలావరకు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. సగం వేళ్ళు ఇంకా నేలలో ఉన్నవి మాత్రం వాలిపోయి కూడా పచ్చగానే ఉన్నాయి. ఒక తోట కాపలాదారుని అడిగితే, "పడ్డవాటిలో ఎంత కావాలంటే అంత కోసుకోండి బాబూ, నిలబడ్డవి ముట్టుకోకండి" అన్నాడు. నేనూ అమ్మాయీ రెండు సంచుల నిండా మండలు, ఒక సంచిలో రాలిన కాయలు తెచ్చాం.

ఇక కట్టే పద్ధతి. అమ్మ అరుగు మీద కూర్చుని చెబుతుంటే నేనూ నా భార్యా కట్టాం.

మండల మొదళ్ళు రాత్రంతా బకెట్టు నీళ్ళలో ఉంచాలి. ఈ ఒక్క పని మానేస్తే మూడో రోజుకే దండ వాడుతుంది. పురికొస మూడు పేటలు కలిపి పురి పెట్టాలి, ఒంటి పేట బరువుకు సాగుతుంది. దండ పొడవు 9 అడుగులు. గుమ్మం పైన కాస్త వంపు తిరిగేలా మూడున్నర అడుగులు, అటూ ఇటూ వేలాడడానికి రెండుముప్పావు చొప్పున. ముడులకు రెండు చివరలా మూరెడు తాడు అదనంగా వదలండి.

మండల్ని జానెడు ముక్కలుగా కోసి, నాలుగైదు రెమ్మలకు ఒక కట్ట చేయాలి. మొదటి కట్టను తాడు చివర, కొసలు బయటివైపు ఉండేలా దారంతో గట్టిగా చుట్టి కట్టాలి. రెండో కట్ట నాలుగంగుళాలు లోపలికి జరిపి, దాని కొసలు మొదటి కట్ట మొదళ్ళను కప్పేలా పెట్టాలి. అలా మధ్య వరకు వెళ్ళాలి. తర్వాత రెండో చివర నుంచి మొదలుపెట్టి మళ్ళీ మధ్యకు రావాలి. మేము ఈ సంగతి తెలియక ఒక చివర నుంచి రెండో చివరకు ఏకబిగిన కట్టుకుంటూ పోయాం. గుమ్మానికి ఎత్తి చూస్తే కుడివైపు రెమ్మలు కిందికి, ఎడమవైపు రెమ్మలు పైకి! అమ్మ పకపకా నవ్వింది. తుఫాను తర్వాత ఆవిడ అలా నవ్వగా చూడడం అదే మొదలు. సగం విప్పి మళ్ళీ కట్టాం.

మధ్యలో రెండు వైపుల మొదళ్ళూ కలిసేచోట బోసిగా ఉంటుంది. అక్కడే నక్షత్రం పెట్టాలి. 9 అడుగులంటే 108 అంగుళాలు, నాలుగంగుళాలకో కట్ట చొప్పున 27 కట్టలు. పక్కింటి పంతులుగారు ఈ లెక్క విని, "నూట ఎనిమిది, ఇరవై ఏడు! మా జపమాల లెక్కా, మా నక్షత్రాల లెక్కా కలిపేశారే" అని మురిసిపోయారు. నేను చూసుకున్నది గుమ్మం కొలత మాత్రమే!

నక్షత్రాలకు కొత్త అట్ట కొననక్కర్లేదు. ఏ తెలుగింట్లోనైనా పాత శుభలేఖలు ఓ కట్ట ఉంటాయి. బంగారు రంగువి, ఎరుపువి ఏరండి. దేవుడి బొమ్మలున్న పేజీలను నా భార్య విడిగా తీసి పంతులుగారింటికి ఇచ్చేసింది. కత్తెర వేయడం మర్యాద కాదంది, అది నిజం. అట్ట మీద వృత్తం గీసి, కోణమానినితో 72 డిగ్రీల చొప్పున అయిదు చుక్కలు పెట్టి, ఒకటి విడిచి ఒకటి కలపండి. కత్తిరించాక, అయిపోయిన రీఫిల్లుతో రూళ్ళకర్ర పెట్టి కొసల నుంచి మధ్యకూ, లోపలి మూలల నుంచి మధ్యకూ గట్టిగా గీయాలి. కొసల గీతలు పైకి, మూలల గీతలు లోపలికి మడిస్తే నక్షత్రం ఉబ్బెత్తుగా లేస్తుంది. జిగురుకు ఉడికించిన మైదా చాలు.

సరుగుడు కాయల్ని కడిగి రెండు రోజులు ఎండలో పెడితే నోళ్ళు విచ్చుకుంటాయి. వాటి అంచుల్ని చిక్కటి సున్నపు తేటలో ముంచి ఆరబెడితే మంచు పడ్డట్టు ఉంటుంది. మా ఊరి మంచు అంతే. సున్నం పని పెద్దవాళ్ళే చేయాలి, కళ్ళలో పడితే ప్రమాదం. ఎర్రగా ఉంటాయని కొందరు గురివింద గింజలు గుచ్చుతారు. పిల్లలున్న ఇంట్లో వద్దేవద్దు, అవి విషం. ఎర్ర గుడ్డ పీలికలు చాలు. మాకు ఎదురింటి ఒడియా మావుసీ తన కుట్టు మిషను కింద పోగైన ముక్కలు గుప్పెడు తెచ్చి ఇచ్చింది.

అంతా అయ్యాక అమ్మ లోపలికి వెళ్ళి చిరిగిన పట్టుచీర తెచ్చింది. చీర గుడ్డ నానిపోయినా అంచు మాత్రం గట్టిగానే ఉంది. "దీన్ని కోయండి" అంది. నా భార్య కత్తెర పట్టుకోనంది. అమ్మే తీసుకుని, వణికే చేత్తో, అంచు వెంబడి మెల్లగా కోసింది. ఆ ఎర్ర అంచునే నక్షత్రం కింద ముడివేశాం.

ఆ ఏడు నా చిట్టాలో ఖర్చు ఇలా రాసి ఉంది. ఇద్దరికీ బస్సు రానూపోనూ 48, పురికొస 15, దారం 10, కాపలాదారుకు 20, టీలు 12. మొత్తం 105 రూపాయలు. బజారులో ఆరడుగుల ప్లాస్టిక్ దండకు అప్పుడు 350 అడిగాడు.

సరుగుడు దొరకని చోట్ల ఉండేవాళ్ళు నరమామిడి ఆకులు వాడుకోవచ్చు, అవి నాలుగైదు రోజులు నిలుస్తాయి. వేప త్వరగా వాడుతుంది. మేకులు కొత్తగా కొట్టక్కర్లేదు. మేము అప్పుడు అద్దెకున్న ఇంటి గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టే మేకులు రెండు ముందే ఉన్నాయి, వాటికే కట్టాం. సాయంత్రం పూట నీళ్ళు చిలకరించండి, సీరియల్ బల్బులు చుట్టి ఉంటే మాత్రం వద్దు. కొవ్వొత్తిని దండకు దూరంగా పెట్టండి. ఎండిన సరుగుడు క్షణంలో అంటుకుంటుంది.

క్యారల్స్ వాళ్ళు ఆ ఏడు రాత్రి రెండు గంటలకు వచ్చారు. అమ్మ శాలువా కప్పుకుని అప్పటికే అరుగు మీద ఉంది. మూడు పాటలు పాడించుకుని గానీ వాళ్ళను కదలనివ్వలేదు.

అమ్మ 2016లో పోయింది. దండ మాత్రం ఏటేటా కడుతున్నాం. జనవరి మొదటి వారంలో దించి, నక్షత్రాలూ పట్టు అంచూ విప్పి బిస్కెట్ల డబ్బాలో పెడతాం. ఎండిన దండను పంతులుగారి మనవలు వచ్చి భోగిమంటకు పట్టుకుపోతారు. డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి మరీ అడుగుతుంది.