బాలనటి ఆర్జన యెవరిది?

మన పిల్లలు ముద్దుగా పాడినను, ఆడినను మనకెంతయో సంతోషము కలుగును. నలుగురు చూచి మెచ్చుకొన్నచో ఆ సంతోషము రెట్టింపగును. కాని ఆ యాటపాటలు ధనమార్జించు సాధనములైనప్పుడు తల్లిదండ్రులపై బడు బాధ్యత యెట్టిదో మనమంతగా విచారింపము. ఈ సంగతిని తన జీవితమునుండియే తేటతెల్లముగా జెప్పిన యొక బాలనటి చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

ఆమె పేరు షర్లీ టెంపుల్. అమెరికాలో 1928వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన జన్మించి, మూడేండ్ల ప్రాయముననే చలనచిత్రములలో ప్రవేశించెను. 1935 మొదలు 1938 వఱకు ఆ దేశమున సినిమాశాలలకు జనమును రప్పించుటలో పెద్ద నటులు సైతము ఆమెకు వెనుకనే నిలిచిరి. ఆమె యుంగరాల జుట్టును తల్లియే స్వయముగా దిద్ది తీర్చుచుండెను. ఆ సోయగమును జూచి మురిసిన లోకమునకు తెర వెనుకటి కథ తెలియదు.

ఆ కథను 1988లో ప్రచురించిన తన యాత్మకథయం దామెయే చెప్పినది. తొలి చిత్రములు దీయు దినములలో మాట వినని పిల్లలను చీకటి పెట్టెవంటి గదిలో మంచుగడ్డపై గూర్చుండబెట్టెడివారట! ఆమె వయస్సును ఒక యేడు తగ్గించి ప్రకటించుటచే తన నిజమైన వయస్సు ఆ బాలికకే చాల కాలము తెలియకపోయెను. అన్నిటికంటె విచారకరమైనది ధనవిషయము. ఆమె ఆర్జన సుమారు 32 లక్షల డాలర్లు. 22వ యేట లెక్క చూచుకొనగా మిగిలినది 44 వేల డాలర్లు మాత్రమే! తక్కినది కుటుంబవ్యయములకును, తండ్రి చేసిన నష్టపు వ్యవహారములకును పోయెను. ఐనను ఆమె తల్లిదండ్రులపై పగ పూనలేదు. పెద్దదై ఘనా, చెకొస్లొవేకియా దేశములలో అమెరికా రాయబారిగా బనిచేసి, 2014లో పరమపదించెను.

ఆమెకు ముందే యిట్టి యన్యాయమునకు గుఱియైన బాలుడు జాకీ కూగన్. అతడు 1921లో చార్లీ చాప్లినుతో 'ది కిడ్' చిత్రమున నటించి లోకవిఖ్యాతుడయ్యెను. మైనరు బిడ్డ యార్జన తల్లిదండ్రులదే యన్నది నాటి చట్టము. 1938లో తల్లిమీదను, మారుటితండ్రిమీదను వ్యాజ్యము వేసి, తానార్జించినదానిలో స్వల్పభాగమును మాత్రమే పొందెను. ఆ వ్యాజ్యము ఫలితముగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రమున బాలనటుల రక్షణకై చట్టము వెలసెను. అందలి లోపములను తరువాత సవరించి, 2000 సంవత్సరము మొదలు బిడ్డ యార్జన బిడ్డదే యనియు, అందు నూటికి 15 వంతులు విడిగా నిలువ చేయవలెననియు నిర్ణయించిరి.

మన దేశముననో? 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారము బాలనటుల సంపాదనలో కనీసము నూటికి 20 వంతులు బిడ్డ పేర జాతీయబ్యాంకిలో స్థిరనిక్షేపముగా నుంచవలెను. దినమునకు 5 గంటలకు మించియు, విరామము లేక 3 గంటలకు మించియు పనిచేయింపరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి లేక బిడ్డను నియోగింపరాదు. అన్నిటికంటె ముఖ్యము: బిడ్డ యిష్టమునకు విరుద్ధముగా ఆడింపరాదు.

చట్టము కాగితముపై నుండును. బిడ్డ మన యొడిలో నుండును. సినిమాలకును, నృత్యప్రదర్శనలకును పిల్లలను పంపు తల్లులు రెండు ప్రశ్నలు వేసికొందురుగాక. బిడ్డ పేర బ్యాంకి పుస్తకమున్నదా? నేడు నీకాడవలెనని యున్నదా యని ఆ పసిదానిని మన మెన్నడైన నడిగితిమా? ధనము పోయినచో మరల సంపాదింపవచ్చును. పోయిన బాల్యమును ఏ న్యాయస్థానమును తిరిగి యిప్పింపజాలదు.