షటిల్ ఆడి వచ్చేసరికి డిక్కీలో ఫోన్ లేదు: స్పోర్ట్స్ సెంటర్ పార్కింగ్‌లో నేను నేర్చుకున్నవి

గచ్చిబౌలి వైపు మా టీమ్ వారానికి మూడు రోజులు షటిల్ ఆడే స్పోర్ట్స్ సెంటర్ ఒకటి ఉంది. కోర్టులు బాగుంటాయి, లైటింగ్ సూపర్. సమస్యల్లా బయట పార్కింగే. ఆ రోజు ముందు వైపు ఖాళీ లేక, వెనకాల జనరేటర్ పక్కన చీకట్లో స్కూటీ పెట్టాను. ఫోన్ డిక్కీలో వేసి లోపలికి వెళ్లిపోయా. గంట తర్వాత వచ్చి చూస్తే సీటు కొంచెం పైకి లేచి ఉంది. పర్సు ఉంది, ఫోన్ లేదు.

సెక్యూరిటీ అన్నని అడిగితే గోడ మీద బోర్డు చూపించాడు: "పార్కింగ్ ఓనర్ రిస్క్". సీసీ కెమెరా ఉంది కానీ అది గేటు వైపు చూస్తోంది. ఈలోగా ఊర్లో అమ్మ ఆరుసార్లు ఫోన్ చేసిందట. ముందు రింగ్ అయి, తర్వాత స్విచాఫ్ వచ్చేసరికి యాక్సిడెంట్ అయిందేమో అని నాన్నని లేపి కూర్చోబెట్టింది. ఫోన్ ఖరీదు కన్నా అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఫైండ్ హబ్ ఎందుకు పనిచేయలేదు?

ఫ్రెండ్ ఫోన్‌లో లాగిన్ అయితే చివరి లొకేషన్ అదే పార్కింగ్ చూపించింది. ఆండ్రాయిడ్‌లో ఆఫ్‌లైన్ ఫైండింగ్ డీఫాల్ట్‌గా "రద్దీ ప్రదేశాల్లో మాత్రమే" అని ఉంటుంది. అంటే చుట్టుపక్కల చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఉంటేనే మీ ఫోన్ దొరుకుతుంది. రాత్రిపూట ఖాళీ పార్కింగ్‌లో అది కష్టం. సెట్టింగ్స్‌లో "అన్ని ప్రదేశాల్లో" అని మార్చుకోండి. పైగా చాలా ఫోన్లు స్విచాఫ్ చేస్తే ఇక కనిపించవు. పిక్సెల్ 8 లాంటి కొన్ని మోడల్స్‌లోనే ఆఫ్ అయ్యాక కూడా కొంతసేపు వెతికే వీలుంది.

థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఆన్‌లోనే ఉంది, కానీ అది చేతిలోంచి లాక్కుని పరిగెత్తితే పనిచేసే ఫీచర్. డిక్కీలోంచి మెల్లగా తీసుకెళ్తే దానికి తెలీదు.

మరి ట్యాగ్ పెడితే?

బండికి ట్రాకర్ ట్యాగ్ మంచిదే. కానీ ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు, దగ్గర్లోని యాపిల్ డివైజ్‌ల ద్వారానే లొకేషన్ వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి దాన్ని ట్రాక్ చేయలేం కూడా. ఆండ్రాయిడ్ వాళ్లు ఫైండ్ హబ్‌కి సపోర్ట్ చేసే ట్యాగే కొనాలి. ఏ ట్యాగైనా దొంగతనాన్ని ఆపదు, వెతకడానికి సాయం చేస్తుంది అంతే.

పోయాక ఏ వరుసలో చేయాలి?

1. పక్కవాళ్ల ఫోన్ నుంచి ఫోన్‌ని లాక్ చేసి, వెంటనే సిమ్ బ్లాక్ చేయించండి. నేను ఇక్కడే 20 నిమిషాలు వేస్ట్ చేశా. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి.
2. బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోతే 1930కి కాల్ చేయండి.
3. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకోండి.
4. సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయండి. దానికి కంప్లైంట్ కాపీ, ఆ నంబర్‌కి వచ్చే ఓటీపీ కావాలి. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు కాబట్టి ఆ ఒక్క రోజు ఆగాలి.

ఐఎంఈఐ నాకు గుర్తులేదు. అదృష్టం కొద్దీ ఫోన్ బాక్స్ రూమ్‌లో దొరికింది.

ఇప్పుడు నేనేం చేస్తున్నా?

ఫోన్ చిన్న పౌచ్‌లో కోర్టు పక్కనే, కళ్ల ముందే ఉంటుంది. సిమ్‌కి పిన్ పెట్టా. బండి లైటు కింద, కెమెరాకి కనిపించేలా పెడుతున్నా, లేదంటే ఐదు నిమిషాలు వెయిట్ చేస్తా. రెగ్యులర్‌గా వచ్చేవాళ్లం అందరం కలిసి మేనేజర్‌ని అడిగితే వెనక వైపు ఎల్ఈడీ లైట్ వేయించారు. రాత్రి స్లాట్‌కి వచ్చే అమ్మాయిలు దానికోసం ఎప్పటినుంచో అడుగుతున్నారట. లాకర్లు మాత్రం ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

నా ఫోన్ ఇప్పటికీ దొరకలేదు. మీరు ఇది చదువుతున్నప్పుడే *#06# కొట్టి, వచ్చిన 15 అంకెల నంబర్‌ని ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ రోజు ఆటకి వెళ్లే ముందే.