నడుం నొప్పికి అన్నిసార్లూ కోత అక్కర్లేదు

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే పల్లెల్లో మందుల షాపు ముందు ఎక్కువగా వినపడే మాట ‘నడుం నొప్పికి గోలీ ఇయ్యి’. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో నాటేసే ఆడవాళ్లు పొద్దున వంగితే అన్నం వేళకు గాని లేవరు. మునుగోడు, దేవరకొండ వైపు పత్తి ఏరేవాళ్లదీ అదే తీరు. దమ్ము చేసే ట్రాక్టర్ డ్రైవర్, మందు డబ్బా వీపున వేసుకున్న రైతు, ధాన్యం బస్తాలు ఎత్తే హమాలీ, ఎవరిని కదిలించినా ‘కూర్చుంటే లేవలేను, లేస్తే వంగలేను’ అంటారు.

నొప్పి ఒక ఎత్తయితే దాని వెనక వచ్చే భయం మరో ఎత్తు. పట్నం పోయి స్కానింగ్ తీయిస్తారు. ‘డిస్కు జారింది, నరం నొక్కుకుంది’ అని రాసిన కాగితం చేతికి వస్తుంది. ఇక ఆ ఇంట్లో పాడి గేదెను అమ్మాలా, పాసుబుక్కు పెట్టి అప్పు తేవాలా అనే లెక్కలు మొదలవుతాయి. అంత దాకా పోకముందే రైతులు, కూలీలు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

వెన్నులో ఉన్నదేమిటి?

మెడలో 7, వీపులో 12, నడుంలో 5 పూసలు విడివిడిగా కదులుతాయి. వాటి కింద ఉన్నవి పెద్దయ్యేసరికి అతుక్కుపోతాయి. పూసకూ పూసకూ మధ్య డిస్కు అనే మెత్త ఉంటుంది. తాటిముంజెను తలుచుకుంటే సరి. చుట్టూ గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. మనం ముందుకు వంగినప్పుడు ఈ ముంజె ముందువైపు నొక్కుకుని గుజ్జు వెనక్కు జరగజూస్తుంది. కాళ్లకు పోయే నరాలు ఉండేది ఆ వెనకవైపే. గుజ్జు ఉబ్బి నరానికి తగిలితే పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. దీన్నే సయాటికా అంటారు.

అయితే నడుం నొప్పుల్లో ఇలాంటివి తక్కువ. ఎక్కువ భాగం కండరాలు, కీళ్లు, వాటిని పట్టి ఉంచే నారలు అలిసిపోయి, బెణికి వచ్చేవే. నొప్పి భరించలేనంత ఉన్నా లోపల ఏదో విరిగిందని అర్థం కాదు. చాలావరకు ఆరు వారాల లోపే తగ్గుముఖం పడతాయి.

1999లో జర్మనీలో పరిశోధకులు ఒక మనిషి నడుం డిస్కులో సన్నని మీటరు పెట్టి ఒత్తిడి కొలిచారు. నిటారుగా నిలబడ్డప్పుడు ఉన్న ఒత్తిడికి, ఊరికే ముందుకు వంగితేనే రెండింతలు దాటింది. నడుం వంచి 20 కిలోల బరువు ఎత్తితే నాలుగున్నర రెట్లయింది. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే మూడున్నర రెట్ల దగ్గర ఆగింది. ఒక్క మనిషి మీద తీసిన లెక్కే అయినా, నాట్లలో ఆడవాళ్ల నడుము రోజంతా ఏం మోస్తున్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. చేతిలో ఉన్నది నారు కట్టే కదా, బరువేముంది అనే మగవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

స్కానింగ్‌లో కనపడిందంతా జబ్బు కాదు

ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగ్ ఫలితాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. యాభై ఏళ్ల వయసు వాళ్లలో నూటికి 80 మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, 60 మందికి డిస్కు ఉబ్బి ఉంది. ఇరవై ఏళ్ల వాళ్లలో కూడా నూటికి 30 మందికి ఉబ్బు కనిపించింది. వీళ్లెవరికీ నొప్పి లేదు. అంటే వయసు పెరిగితే వెంట్రుక నెరిసినట్టే డిస్కు అరుగుతుంది. నొప్పి వచ్చిన నాడు తీసిన స్కానింగ్‌లో అది కనపడితే, తప్పంతా దానిదే అనుకోవడం తొందరపాటు. అందుకే కింద చెప్పబోయే ప్రమాద గుర్తులు లేకుంటే మొదటి ఆరు వారాలు స్కానింగ్ అక్కర్లేదని వైద్య నియమాలు చెబుతున్నాయి.

మంచం పట్టవద్దు

నడుం పడితే పది రోజులు మంచం దిగవద్దని పూర్వం డాక్టర్లే చెప్పేవారు. ఇప్పుడా సలహా పోయింది. 1995లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకీ నగర ఉద్యోగుల మీద జరిపిన పరీక్షలో, రెండు రోజులు పడుకున్నవాళ్ల కన్నా ఓపిక ఉన్నమేరకు మామూలు పనులు చేసుకుంటూ తిరిగినవాళ్లే ముందుగా కోలుకున్నారు. పడుకుంటే కండరాలు పట్టు వదులుతాయి, భయం పెరుగుతుంది.

మొదటి రెండు మూడు రోజులు బరువు పనులు ఆపాలి. ఇంట్లో, వాకిట్లో అటూ ఇటూ నడవాలి. వేడినీళ్ల సంచితోనో ఉప్పు మూటతోనో పావుగంట కాపడం పెట్టుకుంటే కండరం సడలుతుంది. చర్మం కాలకుండా మధ్యన బట్ట వేయాలి. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి వేడి ఎంత ఉందో పక్కవాళ్లు చూడాలి. పడుకునేటప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నడుముకు సుఖం. నడుం నొప్పికి కటిక నేలే మందు అన్న మాట ఉంది గాని, 2003లో స్పెయిన్‌లో జరిపిన పరీక్షలో బాగా గట్టి పరుపు కన్నా మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఊయలలా కుంగిపోయిన నులక మంచం మాత్రం పనికిరాదు. నులక బిగించుకోవాలి, లేదంటే నేల మీద బొంత పరుచుకోవాలి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకోవడం ఇప్పటికీ ఉంది. ఆ తన్నుకు తగ్గిందనుకునే నొప్పి, తన్నకపోయినా నాలుగు రోజుల్లో తగ్గేదే. ముసలివాళ్ల ఎముకలు గుల్లబారి ఉంటాయి. వాళ్లను అసలు తొక్కించరాదు.

పని తీరు మారితేనే

నొప్పి తగ్గాక మళ్లీ అదే పని అదే తీరుగా చేస్తే మళ్లీ పడుతుంది. నాటేవాళ్లు, కలుపు తీసేవాళ్లు అరగంటకోసారి లేచి నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని అయిదుసార్లు వెనక్కు వంగాలి. దీనికి పట్టేది ఒక్క నిమిషం. ముఠా మేస్త్రీలు, పొలం ఆసాములు దీన్ని పని ఎగ్గొట్టడంగా చూడకూడదు. వీలైనచోట డ్రమ్ సీడర్‌తో విత్తుకుంటే నాటు వంగుడే ఉండదు. వరుసల్లో నాటితే కోనో వీడర్ నిలబడి తోయవచ్చు. పార, కలుపు దంతి కామ పొట్టిగా ఉంటే మనిషి వంగాల్సిందే. కామ పొడుగు చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మందు కొట్టే డబ్బా 16 లీటర్లది నిండా నింపితే నీళ్లే 16 కిలోలు. డబ్బా, బ్యాటరీ కలిపితే 20 కిలోలు దాటుతుంది. దాన్ని నేల మీద నుంచి వంగి ఎత్తి, మెలి తిరిగి భుజానికి వేసుకునే ఆ ఒక్క క్షణంలోనే ఎంతోమందికి నడుం పడుతుంది. డబ్బాను నడుమెత్తు గట్టు మీదో బండి మీదో పెట్టి నింపి, అక్కడి నుంచే వీపుకు ఎక్కించుకోవాలి. రెండు పట్టీలూ వేసుకోవాలి. నొప్పి ఉన్నవాళ్లు పది లీటర్లే పోసుకోవడం మంచిది. నీళ్లు తగ్గించినప్పుడు మందు మోతాదు కూడా ఆ లెక్కన తగ్గించడం మరవవద్దు.

యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. బస్తా ఎత్తేటప్పుడు దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, బస్తాను పొట్టకు ఆనించి లేవాలి. లేచాక తిరగాల్సి వస్తే పాదాలు కదిపి తిరగాలి గాని నడుం మెలిపెట్టకూడదు. ఇద్దరు పట్టే బరువును ఒక్కడే ఎత్తడం మొగతనం అనుకునే రోజులు పోవాలి. ట్రాక్టర్ నడిపేవాళ్లకు కుదుపుతో పాటు వెనక నాగలిని చూడ్డానికి మెడ తిప్పి తిప్పి ఉంచడం కూడా చేటే. గంటకోసారి దిగి నాలుగు అడుగులు వేయాలి. చిరిగిన సీటుకు మెత్త వేయించాలి.

రోజూ పది నిమిషాలు

చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు పైకి లేపాలి. అయిదు లెక్కపెట్టి దించాలి. పదిసార్లు చేయాలి. తర్వాత చేతులు, మోకాళ్ల మీద గొడ్డు నిలబడ్డట్టు నిలబడి, వీపును పిల్లిలా పైకి వంచి మళ్లీ కిందికి దించాలి. రోజంతా వంగి పనిచేసేవాళ్లు సాయంత్రం బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ లేపి ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. అలా ఉన్నప్పుడు కాలి లాగుడు ఇంకా కిందికి దిగితే ఆపేయాలి.

వీటన్నింటికన్నా సులువైనది నడక. 2024లో ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిపిన పరీక్షలో, ఒకసారి నొప్పి తగ్గాక క్రమంగా నడక పెంచుకున్నవాళ్లకు మళ్లీ నొప్పి రావడానికి సగటున 208 రోజులు పట్టింది. నడవనివాళ్లకు 112 రోజులకే వచ్చింది. పొలంలో తిరుగుతున్నాం కదా అనవచ్చు. ఆగి ఆగి వంగే తిరుగుడు వేరు, చేతులు ఊపుకుంటూ అరగంట సాగే నడక వేరు.

నడుముకు బెల్టు కట్టుకోవడం, బరువులు వేలాడదీసి లాగించడం దీర్ఘకాలపు నొప్పికి మామూలుగా వాడే చికిత్సలుగా పనికిరావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అప్పులు, నిద్రలేమి, దిగులు కూడా నొప్పిని పెంచుతాయి. పంట పోయిన ఏడు నడుం నొప్పి ఎక్కువవుతుందంటే అది నటన కాదు.

మెడ సంగతి

గడ్డి మోపులు, బిందెలు నెత్తిన మోసేవాళ్లకు, గంటల తరబడి సెల్‌ఫోన్‌లోకి తల వంచేవాళ్లకు మెడ పట్టేస్తుంది. మన తల బరువు అయిదు కిలోల దాకా ఉంటుంది. తల ముందుకు వాలినకొద్దీ దాన్ని ఆపే వెనక కండరాల మీద భారం పెరుగుతుంది. నిటారుగా కూర్చుని గడ్డాన్ని లోపలికి లాక్కుని అయిదు లెక్కపెట్టడం, భుజాలు వెనక్కు విరవడం రోజుకు రెండు మూడుసార్లు చేయాలి. దిండు ఒక్కటి చాలు. గడ్డం గీయించుకున్నాక మెడ టక్కుమనిపించుకునే అలవాటు మానుకోవాలి. అరుదుగానైనా ఆ విరుపులో మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

సూదిమందుతో జాగ్రత్త

ఒక సూది వేయించుకుని మళ్లీ పనిలోకి దిగడం కూలీలకు అలవాటయింది. ఒక రోజు కూలి పోగొట్టుకోలేని ఇబ్బంది ఎవరైనా అర్థం చేసుకోదగ్గదే. కానీ డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు వారాల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగేవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పేరు చెప్పని పొట్లం మాత్రలు మింగరాదు. వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

మూత్రం బిగదీసినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, మెడ నొప్పితో పాటు నడక తూలడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం కూడా అశ్రద్ధ చేసేవి కావు. చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడ్డాక వచ్చిన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు వచ్చిన నొప్పి కూడా వెంటనే చూపించాలి.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నుపూస టీబీ కావచ్చు. దీనికి ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. ముందుగా గుర్తిస్తే చాలామందికి మందులతోనే నయమవుతుంది.

మన జిల్లాలో ఇంకొకటి చూసుకోవాలి. మెడ, నడుం కర్ర బిగుసుకున్నట్టయి గడ్డం ఛాతీకి ఆనకపోతే, గొంతుకూర్చోలేకపోతే అది ఫ్లోరైడ్ పని కావచ్చు. దానికి ఎన్ని సూదులు వేయించుకున్నా లాభం లేదు. బిగుసుకున్నది తిరిగి రావడం కష్టం, ముదరకుండా ఆపుకోవడమే చేయగలిగింది. తాగడానికే కాదు, వంటకూ చాయకూ కూడా బోరు నీళ్లు మాని నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే వాడాలి.

ఆపరేషన్ ఎవరికి?

ఆపరేషన్ అసలే వద్దని కాదు. పైన చెప్పిన మూత్రం, కాళ్ల బలహీనత వంటివాటికి అదే రక్షణ. మిగిలిన సయాటికా సంగతి వేరు. 2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కాలి లాగుడుతో ఆరు నుంచి పన్నెండు వారాలుగా బాధపడుతున్న 283 మందిని రెండు భాగాలు చేశారు. ఒకరికి త్వరగా ఆపరేషన్ చేశారు. రెండోవాళ్లకు మందులు, సలహాలతో వేచి చూశారు. ఆపరేషనైన వాళ్లకు కాలి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు వైపులా నూటికి 95 మంది కోలుకున్నారు. వేచి ఉన్నవాళ్లలో నూటికి 39 మందికి తర్వాత ఆపరేషన్ అవసరమయింది, మిగిలినవాళ్లు కోత లేకుండానే బయటపడ్డారు.

కనుక ఆపరేషన్ అన్నప్పుడు డాక్టరును మూడు మాటలు అడగాలి. నా కాలి బలం తగ్గిందా? ఆరు వారాలు ఆగితే ఏమవుతుంది? ఆపరేషన్‌తో తగ్గేది కాలి లాగుడా, నడుం నొప్పా? కాలి లాగుడు లేని ఉత్త నడుం నొప్పికి ఆపరేషన్ చేయాలంటే, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనో హైదరాబాద్ నిమ్స్‌లోనో ఇంకో డాక్టరుకు ఆ కాగితాలు చూపించి గాని డబ్బు కట్టవద్దు.