డబ్బాపై ఇనుము.. ఒంట్లోకి ఎంత?

మహదేవపుర (బెంగళూరు): పొద్దున ఏడున్నర. సింగయ్యనపాళ్య మెట్రో స్టేషన్ వైపు జనం పరుగు మొదలైంది. అపార్టుమెంట్లలో స్కూలు వ్యాను వచ్చేలోపు పిల్లల ముందు కార్న్‌ఫ్లేక్స్ గిన్నె పెడుతున్నారు. పీజీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు అదే గిన్నెను నిలబడే ఖాళీ చేసి ఆఫీసు క్యాబ్ ఎక్కుతున్నారు. పక్క వీధిలో లేస్తున్న కొత్త భవనం దగ్గర అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్లకు ఒక బన్ను, ఒక టీ. అదే టిఫిను. మూడు చోట్లా తెలుగు మాటే వినిపిస్తుంది. మూడు చోట్లా ఒకే లోటు కూడా ఉండొచ్చు. అదే ఇనుము.

'అన్నా, ఐరన్ ఉండేదే ఇయ్యి' అని అడిగి మరీ డబ్బా కొనే తల్లులున్నారు. అట్ట మీద పెద్దక్షరాలతో 'ఐరన్' అని ఉంటే చాలు, పిల్లకు రక్తం పడుతుందని ధీమా. అయితే డబ్బాపై రాసిన ఇనుమంతా రక్తంలోకి చేరదు. ఎంత చేరుతుందన్నది అది ఏ రకం ఇనుము, గిన్నెలో దానికి తోడు ఏముంది, తిన్నాక ఏం తాగారు అన్న మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

అయస్కాంతానికి అంటుకునే టిఫిను!

ఇనుము అంటే మేకుల్లో ఉండే ఇనుమేనా? కొన్ని డబ్బాల్లో అక్షరాలా అదే. అనుమానముంటే ఇంట్లోనే చూడొచ్చు. ఐరన్ కలిపిన కార్న్‌ఫ్లేక్స్‌ను మెత్తగా నలిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో వేసి, గోరువెచ్చని నీళ్లు పోయాలి. కాసేపాగి సంచి బయటి నుంచి గట్టి అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే, దాని వెంట నల్లటి నలుసులు కదిలి రావచ్చు. అదే మెత్తటి ఇనుప పొడి. దీన్నే పదార్థాల జాబితాలో 'రెడ్యూస్డ్ ఐరన్' అనో 'ఎలక్ట్రోలైటిక్ ఐరన్' అనో రాస్తారు. నలుసులు రాకపోతే ఇనుము లేదని కాదు. ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ వంటి లవణాల రూపంలో కలిపి ఉండొచ్చు. అవి అయస్కాంతానికి అలా దొరకవు.

ఇనుప పొడి తినడమేమిటని బెదరక్కర్లేదు. కడుపులోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. మాత్రల్లో వాడే ఫెర్రస్ సల్ఫేట్ తేలిగ్గా ఒంటికి పడుతుంది గానీ, నెలల తరబడి డబ్బాలో ఉండే తిండిలో కలిపితే రంగు, రుచి చెడగొడుతుంది. పొడి ఇనుముతో ఆ బాధ లేదు. కాకపోతే ఒంటికి పట్టడంలో అది వెనకబడుతుంది. అందుకే ఎలక్ట్రోలైటిక్ ఇనుము వాడేట్టయితే ఫెర్రస్ సల్ఫేట్‌కు రెట్టింపు మోతాదులో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వాళ్ల లెక్క వేరు.. మన లెక్క వేరు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు పురుషుడికి 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29 మి.గ్రా. ఇనుము తిండిలో ఉండాలి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు 11 మి.గ్రా. పదమూడు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లలకు 30 మి.గ్రా. నెలసరిలో పోయే రక్తమే ఈ తేడాకు ప్రధాన కారణం.

అమెరికాలో డబ్బాల మీద శాతాలు వేసేందుకు తీసుకునే రోజువారీ లెక్క 18 మి.గ్రా. మాత్రమే. మన దగ్గర అంకె పెద్దది కావడానికి కారణముంది. అన్నం, రొట్టె, పప్పు ప్రధానమైన భోజనంలో ఇనుము ఉన్నా, ఒంటికి పట్టేది అందులో చిన్న వంతే. ఆ నష్టాన్ని ముందే లెక్కగట్టి మన అంకె వేశారు.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి సూపర్ మార్కెట్లలో దిగుమతి డబ్బాలూ దొరుకుతాయి. అమెరికా నుంచి వచ్చే బంధువులు పెట్టెల్లో తెచ్చేవీ ఉంటాయి. అలాంటి డబ్బాపై 'ఐరన్ 50 శాతం' అని ఉంటే అది 18లో సగం, అంటే 9 మి.గ్రా. మన స్త్రీకి కావాల్సిన 29తో పోలిస్తే మూడో వంతు కూడా కాదు. సగం పని అయిపోయిందనుకుంటే పొరపాటే.

మన డబ్బాలకూ ఇలాగే లెక్క కట్టుకోవచ్చు. వంద గ్రాముల్లో 20 మి.గ్రా. ఉందనుకుందాం. పొద్దున తినేది 30 గ్రాములు. అంటే గిన్నెలోకి వచ్చేది 6 మి.గ్రా. అందులో పదో వంతు ఒంటికి పట్టినా రక్తానికి అందేది 0.6 మి.గ్రా. ఒక మగ మనిషి ఒంట్లోంచి రోజూ పోయే ఇనుమే దాదాపు 1 మి.గ్రా. నెలసరి ఉన్న స్త్రీలకు అంతకంటే ఎక్కువే పోతుంది. డబ్బా ఉత్తదే అని దీనర్థం కాదు. అదొక్కటే చాలదని అర్థం.

టీ గ్లాసే అడ్డం

కార్న్‌ఫ్లేక్స్ తినేది పాలతో. తిన్న వెంటనే ఫిల్టర్ కాఫీయో, టీయో. ఇక్కడే ఇనుముకు దెబ్బ. టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టుకుని పేగుల్లోంచి ఒంట్లోకి పోకుండా ఆపుతాయి. ఇందులో టీ ప్రభావం ఎక్కువ. పాలలోని కాల్షియం కూడా ఆ పూటకు కొంత అడ్డుపడుతుంది. గింజల్లో ఉండే ఫైటేట్లది మరో అడ్డు.

విరుగుడు ఖరీదైనదేం కాదు. సి విటమిన్ ఉన్నది ఏదైనా తోడుగా తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. గిన్నెలో నాలుగు జామ ముక్కలో, కమలా తొనలో వేస్తే సరి. పిల్లలకు పాలు మానేయాలని కాదు. టీ, కాఫీలను మాత్రం తిండికి గంట అటో ఇటో జరపాలి. బన్ను, టీతో పని మొదలెట్టే కూలీలకూ ఇదే మాట. టీని ముందే తాగేసి, కాసేపాగి నిమ్మకాయ పిండిన చిత్రాన్నం తిన్నా మేలే.

సంగటి సంగతేంటి?

'ఈ డబ్బాలెందుకే? రాగిసంగటి తింటే రకతం అదే పడతాది' అంటారు సీమ నుంచి వచ్చిన పెద్దమ్మలు. మాటలో నిజముంది గానీ పూర్తిగా కాదు. ఎన్‌ఐఎన్ 2017 ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో ఇనుము 4.62 మి.గ్రా. రాగుల అసలు బలం కాల్షియం, 364 మి.గ్రా. ఇనుము ఎక్కువ కావాలంటే సజ్జలు మేలు, 6.42 మి.గ్రా. పాలిష్ బియ్యంలో ఉండేది 0.65 మి.గ్రా. మాత్రమే. అన్నంతో పోలిస్తే సంగటి ఎన్నో రెట్లు మెరుగన్న మాట. అటుకుల్లో 4.46, మునగాకులో 4.56, తోటకూరలో 4.64 మి.గ్రా. ఉంటుంది.

పాత పద్ధతుల్లోనూ తెలివి దాగుంది. రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే, ఇడ్లీ దోసెల పిండిని పులియబెడితే ఫైటేట్లు తగ్గి ఇనుము తేలిగ్గా అందుతుంది. ఇనుప బాణలిలో టమోటానో, చింతపండు పులుసో ఉడికిస్తే బాణలి ఇనుము కూడా కొంత కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్ వచ్చాక ఆ బాణలి అటకెక్కింది. మాంసాహారులకు మరో దారి ఉంది. మాంసం, కార్జంలోని ఇనుము మొక్కల్లోని ఇనుము కంటే బాగా ఒంటబడుతుంది.

బడులూ రాగుల వైపే మళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో, కర్ణాటకలో 2024 ఫిబ్రవరిలో వారానికి మూడు రోజుల చొప్పున పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది.

బలపాలు తింటోందా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) అంకెలు చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు కర్ణాటకలో 47.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో మూడు రాష్ట్రాల్లోనూ ఇది 60 శాతం పైమాటే.

మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, పాలిపోయిన కనురెప్పలు, చదువులో మనసు నిలవకపోవడం.. ఇవన్నీ దాని గుర్తులు. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడమూ అంతే. పిల్లను తిట్టడం కాదు, రక్తపరీక్ష చేయించడం అవసరం. హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాములు, గర్భిణుల్లో 11, పురుషుల్లో 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. దాన్ని డబ్బా టిఫిను నయం చేయలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, దగ్గర్లోని నమ్మ క్లినిక్‌కో వెళ్లి వైద్యుల్ని కలవాలి. బి12 లోపం, నులిపురుగులు, అధిక రక్తస్రావం, తలసీమియా కూడా కారణాలు కావచ్చు. కారణాన్ని బట్టే మందు.

ఇనుము లోటేనని తేలితే చవకైన మాత్రే చాలాసార్లు గట్టెక్కిస్తుంది. 2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' కింద కిశోర బాలికలు, బాలురకు వారానికొక నీలం మాత్ర, గర్భిణులకు రోజూ ఒక ఎర్ర మాత్ర ఇవ్వాలని నిర్ణయించారు. ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఇనుము. గిన్నెలోని 6 మి.గ్రా.కు పదింతలు! మల విసర్జన నల్లగా అయిందనో, కడుపులో తిప్పిందనో చాలామంది మధ్యలోనే మానేస్తారు. నల్లబడటం మామూలే. వికారంగా ఉంటే మానకుండా, ఎప్పుడు ఎలా వేసుకోవాలో వైద్యులను అడగాలి.

ఎక్కువైనా ముప్పే

రక్తం పట్టాలని డబ్బా, మాత్ర, టానిక్కు అన్నీ ఒకేసారి మొదలెట్టకూడదు. ఇనుము ఒంట్లో పేరుకుంటే కాలేయానికి, గుండెకు చేటు. తలసీమియా ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఐరన్ జోలికి పోరాదు. చిన్నపిల్లలు మాత్రల సీసా దొరికి చాక్లెట్లని మింగితే ప్రాణాల మీదకొస్తుంది. పిల్లలకు మోతాదు మించుతుందన్న భయంతోనే 2004లో డెన్మార్క్, కెల్లాగ్స్ తన 18 రకాల ఉత్పత్తుల్లో ఇనుము, విటమిన్లు అదనంగా కలపడానికి ఒప్పుకోలేదు. లోటు ఎక్కువున్న మన దేశం పరిస్థితి వేరే. అయినా కొలత మాత్రం ఎక్కడైనా కొలతే.

డబ్బా కొనేటప్పుడు..

* ముందున్న పెద్దక్షరాలు కాదు, వెనకున్న పట్టిక చదవండి. 100 గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాముల ఇనుమో చూసి, తినేది ఎంతో లెక్కేయండి.

* చక్కెర ఎంతుందో కూడా అక్కడే ఉంటుంది. ఐరన్ కోసం కొని చక్కెర తినిపించకండి.

* పండు ముక్క తోడివ్వండి. టీ, కాఫీ గంట ఆగి తాగండి.

* నీరసం తగ్గకపోతే డబ్బా మార్చడం కాదు, రక్తపరీక్ష చేయించండి.

కె.ఆర్.పురంలో చిత్తూరు, తిరుపతి బస్సెక్కి పండక్కి ఊరెళ్లేటప్పుడు ఇక్కడి పిల్లల కోసం డబ్బాలు కొనుక్కెళ్లేవారున్నారు. వచ్చేటప్పుడు అటక మీది ఇనుప బాణలి, మొలకల రాగిపిండి తెచ్చుకుంటే బరువు ఎక్కువే కావచ్చు. ఇంట్లో ఆడపిల్లకు మాత్రం అది మేలే చేస్తుంది.