సొంత వెబ్‌సైట్, సొంత దుకాణం: చిన్న పట్టణానికి ఓపెన్ సోర్స్

మంచిర్యాల జిల్లా అధికారిక వెబ్‌సైట్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నుంచి విడిపోయి కొత్త జిల్లా ఏర్పడ్డాక మండలాల వివరాలు, నోటిఫికేషన్లు, టెండర్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ జనానికి అందించడానికి ఒక సైట్ అవసరమైంది. దాని కోసం మొదటి అక్షరం నుంచి ఎవరూ ప్రోగ్రాం రాయలేదు. ప్రభుత్వ కార్యాలయాల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఎస్‌త్రీవాస్ వేదిక మీదే ఈ సైట్ కూడా ఉంది. దేశంలో వందల జిల్లాల సైట్లకు అదే వేదిక, దాని పునాది వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్. అదే వర్డ్‌ప్రెస్‌ను మంచిర్యాల బజారులోని చీరల దుకాణం కూడా పైసా చెల్లించకుండా దించుకుని వాడుకోవచ్చు. జిల్లా యంత్రాంగానికి ఒక రకం, చిన్న వ్యాపారికి మరో రకం అంటూ తేడా లేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని చాలామంది అనుకుంటారు. ఉచితంగా దొరకడం నిజమే కానీ అసలు సంగతి లైసెన్సులో ఉంది. ప్రోగ్రాంను ఎవరైనా ఏ పనికైనా వాడవచ్చు, లోపల ఏం రాసి ఉందో చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. వర్డ్‌ప్రెస్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సును రిచర్డ్ స్టాల్‌మన్ తొలిసారి 1989లో రూపొందించారు. మార్చిన ప్రోగ్రాంను మరొకరికి ఇచ్చేటప్పుడు దాని మూల కోడ్‌ను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలన్నది అందులోని ముఖ్య షరతు. వ్యాపారి తన సర్వర్‌లో తన అవసరానికి చేసుకున్న మార్పులకు ఈ షరతు అడ్డురాదు. గిరాకీదారు సైట్‌ను చూడడం వేరు, ప్రోగ్రాం నకలును తీసుకోవడం వేరు.

ఈ లైసెన్సు విలువ వర్డ్‌ప్రెస్ పుట్టుకలోనే కనిపిస్తుంది. మిషెల్ వాల్‌డ్రిగి అనే ప్రోగ్రామర్ రాసిన బీ2 అనే సాఫ్ట్‌వేర్ 2002 నాటికి ముందుకు సాగడం ఆగిపోయింది. అది జీపీఎల్ కింద ఉంది కాబట్టి అమెరికాలోని మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండ్‌లోని మైక్ లిటిల్ దాన్ని తీసుకుని కొనసాగించారు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి రూపం వెలువడింది. ఈనాడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ఆన్‌లైన్ దుకాణానికి కావలసిన ఊకామర్స్ కూడా అలాగే పుట్టింది. జిగోషాప్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం నుంచి చీలి 2011లో వచ్చింది. వర్డ్‌ప్రెస్ సమాచారం దాచుకునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒరాకిల్ కంపెనీ చేతిలోకి వెళ్తున్నదని తెలిసినప్పుడు దాన్ని మొదట రాసినవారిలో ఒకరైన మైకేల్ విడేనియస్ 2009లో మరియాడీబీ పేరుతో మరో శాఖ మొదలుపెట్టారు. మొదలుపెట్టిన మనిషి తప్పుకున్నా, కంపెనీ చేతులు మారినా ప్రోగ్రాం మాత్రం వాడేవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

మంచిర్యాల వంటి పట్టణాలకు దీంతో నేరుగా సంబంధం ఉంది. ఇక్కడ వెబ్‌సైట్లు చేసే యువకుడు రెండేళ్లలో ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్లిపోవడం మామూలే. అతను సొంతంగా, తనకే అర్థమయ్యేలా రాసిన ప్రోగ్రాం అయితే ఆ సైట్ అక్కడితో ఆగిపోతుంది. వర్డ్‌ప్రెస్, ఊకామర్స్ అయితే కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో ఆ పని తెలిసినవారు ఇంకొకరు దొరుకుతారు. సైట్ పునాది ఎవరికైనా తెలిసినదే గనుక కొత్తవారు పాతవారి పనిని అందుకుని కొనసాగించగలరు. ధర తక్కువ కావడం కంటే ఇదే పెద్ద లాభం.

ఇలాంటి దుకాణం అడుగున పొరలు పొరలుగా ఓపెన్ సోర్సే ఉంటుంది. సర్వర్ మీద లినక్స్, దాని మీద పేజీలు అందించే అపాచీ లేదా ఎన్‌జింక్స్, సరుకు వివరాలు దాచే డేటాబేస్, వీటిని కలిపి పేజీగా మలిచే పీహెచ్‌పీ. నిర్మల్ కొయ్యబొమ్మలు అమ్మే ఒక సైట్‌లో ఎవరో ఒక బొమ్మను బుట్టలో వేసుకున్నారనుకుందాం. ధర, బరువు, నిల్వ డేటాబేస్ నుంచి వస్తాయి. పిన్‌కోడ్‌ను బట్టి పార్సిల్ ఖర్చు లెక్క తేలుతుంది. డబ్బు కట్టే దశకు వచ్చేసరికి కొనేవారు పేమెంట్ గేట్‌వే పేజీకి వెళ్తారు. యూపీఐ పిన్ గానీ కార్డు నంబరు గానీ దుకాణం సైట్‌కు చేరవు, చేరకూడదు కూడా. చెల్లింపు పూర్తయిందని గేట్‌వే సర్వర్ దుకాణం సర్వర్‌కు విడిగా ఒక సంకేతం పంపుతుంది. అది అందాకే ఆర్డర్ ఖాయమై నిల్వలో ఒకటి తగ్గుతుంది. కొనేవారి ఫోన్‌లో కనిపించిన ‘సక్సెస్’ తెర ఫొటోను నమ్మి సరుకు పంపేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

తెలుగులో దుకాణం పెట్టడానికి ఈ సాఫ్ట్‌వేర్ బాగానే సహకరిస్తుంది. వర్డ్‌ప్రెస్‌కు తెలుగు అనువాదం ఉంది, అదీ స్వచ్ఛందంగా పనిచేసినవారు చేసినదే. అక్షరాలకూ లోటు లేదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి. దుకాణం పేరుకైనా సరుకు వివరాలకైనా వాటిని డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగు శీర్షిక నుంచి వర్డ్‌ప్రెస్ తనంతట తానే పేజీ చిరునామా తయారు చేస్తుంది. యూనికోడ్‌లోని ఒక్కో తెలుగు గుర్తు ఆ చిరునామాలో 9 ఇంగ్లిషు గుర్తులుగా మారుతుంది. ‘మంచిర్యాల’ అన్న ఒక్క మాటలో వత్తులు, గుణింతాలు కలిపి 9 గుర్తులు ఉన్నాయి, అంటే చిరునామాలో అది 81 అవుతుంది. వర్డ్‌ప్రెస్ ఇచ్చే జాగా 200 మాత్రమే కనుక పొడవైన శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. ఆ లంకెను వాట్సాప్‌లో పంపినా అర్థంలేని గుర్తుల వరుసలా కనబడుతుంది. పేజీలో ఉన్నదంతా తెలుగులో ఉంచి, చిరునామాను మాత్రం చిన్న ఇంగ్లిషు మాటలతో రాసుకోవడం మేలు.

ఖర్చు విషయానికి వస్తే సాఫ్ట్‌వేర్‌కు సున్నా. డాట్ ఇన్ చిరునామాకు ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల లోపే, సైట్‌ను సర్వర్‌లో ఉంచే హోస్టింగ్‌కు కొన్ని వేలు. సైట్‌కు తాళం గుర్తు తెచ్చే భద్రతా సర్టిఫికెట్‌ను 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇస్తోంది. చెల్లింపుల మీద గేట్‌వేలు సాధారణంగా 2 శాతం చుట్టూ, దానిపై జీఎస్టీ తీసుకుంటాయి. సైట్‌ను అమర్చే మనిషి కూలి, ఏడాది పొడవునా చూసుకునే మనిషి కూలి వీటన్నిటికంటే ఎక్కువ. చూసుకునే ఖర్చును లెక్కలో వేయని సైట్లే తొందరగా మూలపడతాయి.

సైట్ చిరునామా ఎవరి పేరున ఉందన్నది అన్నిటికంటే ముందు చూడాలి. సైట్ చేసినతను తన మెయిల్‌తో, తన పేరున చిరునామా కొనిపెట్టడం చిన్న పట్టణాల్లో చాలా సాధారణం. అలాంటప్పుడు అతను ఫోన్ ఎత్తకపోతే ఏ లైసెన్సూ వ్యాపారిని ఆదుకోలేదు. చిరునామా, హోస్టింగ్ ఖాతా, పేమెంట్ గేట్‌వే, సైట్ అడ్మిన్ లాగిన్ నాలుగూ యజమాని పేరున, యజమాని ఫోన్ నంబరుతో ఉండాలి. పని చేసేవారికి వేరే లాగిన్ ఇస్తే సరిపోతుంది. పని ముగిశాక దాన్ని తీసేయవచ్చు.

ఇక భద్రత. అందరికీ కనిపించే ప్రోగ్రాంలో దొంగలు సులువుగా దూరుతారన్న భయం ఉంది. కనిపించేది దొంగలకే కాదు, బాగుచేసేవాళ్లకు కూడా. అయితే ఎవరో ఒకరు నిజంగా చూస్తుండాలి. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండేళ్లకు పైగా దాగి ఉంది. ప్రపంచమంతా వాడే ఆ ప్రోగ్రాంను అప్పట్లో చూసుకునేవారు అతి కొద్దిమంది. వర్డ్‌ప్రెస్ విషయంలో ఎక్కువ ప్రమాదం అసలు ప్రోగ్రాంలో కాక దానికి తగిలించే ప్లగిన్లలో ఉంటుంది. ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని ప్లగిన్‌ను తీసేయాలి. డబ్బుపెట్టి కొనాల్సిన థీమ్‌ను ఎక్కడో ఉచితంగా ఇస్తున్నారంటే అందులో దొంగ కోడ్ ఉండే అవకాశం ఎక్కువ. ఏ అంగడి సైట్‌కైనా రెండింటి నకళ్లు వేరే చోట ఉండాలి: డేటాబేస్, ఫొటోలున్న అప్‌లోడ్స్ ఫోల్డర్. ఇవి చేతిలో ఉంటే కొత్త సర్వర్‌లో వర్డ్‌ప్రెస్‌ను, అదే థీమ్‌ను, అవే ప్లగిన్లను మళ్లీ పెట్టి దుకాణం తెరుచుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా చట్టం మామూలే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి వివరాలు సైట్‌లో ఉండాలి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉన్న మంచిర్యాలకు మహారాష్ట్ర గిరాకీ దూరం కాదు. జీఎస్టీ వర్తించే సరుకును చంద్రపూర్‌కు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మాత్రం టర్నోవర్ పరిమితి దాటేవరకు మినహాయింపు ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, ఆదిలాబాద్ డోక్రా వంటివి అమ్మేవారు తమ వస్తువు మినహాయింపు జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

రోజుకు రెండు మూడు ఆర్డర్లు, అవీ ఊళ్లోవే అయితే ఇంత ఏర్పాటు అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, యూపీఐ క్యూఆర్ చాలు. సరుకు రకాలు వందకు చేరి, ఆర్డర్లు బయటి ఊళ్ల నుంచి రావడం మొదలైనప్పుడు ఊకామర్స్ పనికొస్తుంది. గోదాం, కొనుగోళ్లు కూడా ఒకేచోట చూసుకోవాల్సినంతగా వ్యాపారం పెరిగితే ముంబైలోని ఫ్రాపే సంస్థ రూపొందించిన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది. అదీ జీపీఎల్ కిందే దొరుకుతుంది.