వైరసు తొలగినను ప్రారంభము కాని కంప్యూటరు

పాతగోడ సందులో రావిమొక్క మొలచుట అందరును చూచినదే. మొలచిన కొద్దిదినములలోనే పెరికివేసినచో గోడకు హాని లేదు. రెండు మూడేండ్లు ఉపేక్షించి, పిమ్మట బలముకొలది లాగినచో మొక్కతోపాటు నాలుగు ఇటుకలు కూడ ఊడివచ్చును. వేరు ఇటుకల నడుమకు పోయి, తానే గోడలో ఒక భాగమై కూర్చుండుటయే దీనికి కారణము. కంప్యూటరులో చేరిన దుష్ట ప్రోగ్రాముల విషయము కూడ ఇట్టిదే.

ఒక ఉన్నత పాఠశాల కార్యాలయములోని కంప్యూటరు కొన్నాళ్ళుగా మందకొడిగా పనిచేయుచున్నదనుకొందము. దుష్ట ప్రోగ్రామేదో చేరినదని గ్రహించి, దానిని వెదకి తీసివేయు సాఫ్ట్‌వేరును నడిపింతురు. కొంతసేపటికి, దోషము తొలగినదనియు, యంత్రమును మరల ప్రారంభింపవలెననియు తెరపై కనబడును. అట్లు చేయగా యంత్రము లేవదు. నీలితెరయో, నల్లతెరయో వచ్చి నిలిచిపోవును. పదవ తరగతి విద్యార్థుల మార్కుల పట్టికలు, హాజరు లెక్కలు అందులోనే ఉన్నవి. అట్టి సమయమున ప్రక్కనున్నవారెవరో "ఫార్మాటు చేసివేయండి" అని సలహా చెప్పుదురు. ఆ సలహాను పాటించినచో యంత్రము లేచును గాని పట్టికలు పోవును. నిజమునకు ఇట్టి సందర్భములలో చాలవరకు పత్రములు డిస్కుపై చెక్కుచెదరక ఉండును. చెడినది యంత్రము మేల్కొను మార్గము మాత్రమే. ఆ మార్గమెట్టిదో తెలిసికొన్నచో, అది ఎచ్చట తెగినదో కనుగొనవచ్చును.

కంప్యూటరు మేల్కొను విధము

మీట నొక్కినంతనే కంప్యూటరు విండోసును ఎరుగదు. దానికి మొదట తెలిసినది మదర్‌బోర్డుపైనున్న ఒక చిప్పులో వ్రాసియున్న చిన్న ప్రోగ్రాము మాత్రమే. పాత యంత్రములలో దీనిని బయాస్ అనియు, నేటి యంత్రములలో యు.ఇ.ఎఫ్.ఐ. అనియు అందురు. ఇది మెమొరీ, కీబోర్డు మున్నగు భాగములను పరీక్షించి, పిమ్మట డిస్కువైపు తిరుగును. ఇది మొదటి మెట్టు.

బయాస్ పద్ధతిలో డిస్కుయొక్క మొట్టమొదటి సెక్టారు చదువబడును. దాని పరిమాణము 512 బైట్లు. ఇందు 446 బైట్లలో ఒక చిన్న ప్రోగ్రామును, 64 బైట్లలో డిస్కు ఏయే భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టికయు, చివరి 2 బైట్లలో ఒక గురుతును ఉండును. ఒక్కొక్క భాగమునకు 16 బైట్లు కావలెను గనుక పట్టికలో నాలుగు భాగములకే చోటు. చివరి గురుతు లేనిచో ఆ డిస్కు ప్రారంభమునకు పనికిరాదని యంత్రము నిర్ణయించును. యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో ఈ ఇరుకు లేదు. డిస్కుపై ప్రత్యేకముగా కేటాయించిన చిన్న విభాగములో ప్రారంభ ప్రోగ్రాము ఫైలు రూపమున ఉండును. సెక్యూర్ బూట్ అను ఏర్పాటు పనిచేయుచున్నచో, ఆ ఫైలుపై నమ్మదగిన సంతకమున్నదా లేదా అనికూడ పరీక్షింపబడును. ఇది రెండవ మెట్టు.

మూడవ మెట్టున విండోసుయొక్క కెర్నెలు, అనగా ఆపరేటింగు వ్యవస్థకు మూలమైన భాగము, మెమొరీలోనికి వచ్చును. దానితోపాటు డిస్కు మున్నగువానిని నడుపు డ్రైవర్లు కూడ వచ్చును. ఏ డ్రైవర్లు కావలెనో రిజిస్ట్రీ అను పెద్ద పట్టికలో వ్రాసియుండును. నాలుగవ మెట్టున తెరవెనుక పనిచేయు సేవలు ప్రారంభమగును. ఐదవ మెట్టున వినియోగదారుడు సంకేతపదమిచ్చి ప్రవేశించును; అప్పుడు యూజర్‌ఇనిట్ అను ప్రోగ్రాము నడచి, మనకు కనబడు డెస్కుటాపును సిద్ధము చేయును.

ఈ ఐదు మెట్లలో ప్రతిదియు తన పని ముగించి తరువాతి దానికి పగ్గములు అప్పగించును. నడుమ ఒక్క మెట్టు విరిగినను పైవి చేరవు. కావున యంత్రము ఎచ్చట ఆగినదో గమనించుటయే రోగనిర్ణయములో సగము.

వేరు ఎచ్చట పాతుకొనును?

దుష్ట ప్రోగ్రాము వ్రాసినవాని కోరిక యొక్కటే: యంత్రము లేచిన ప్రతిసారియు తన ప్రోగ్రాము కూడ లేవవలెను, వీలైనచో రక్షణ సాఫ్ట్‌వేరు కంటె ముందుగానే లేవవలెను. అందుచే వాడు పై మెట్లలో ఏదో యొకదానియందు దానిని చొప్పించును. ఎంత క్రింది మెట్టున చేరినచో అంత పట్టు. తొలగించుటయు అంత కష్టము.

1994లో కనబడిన వన్ హాఫ్ అను వైరసు మొదటి సెక్టారులో చేరి, యంత్రము ప్రారంభమైన ప్రతిసారియు డిస్కు చివరినుండి కొంతకొంత భాగమును రహస్యలిపిలోనికి మార్చుచుండెడిది. ఎవరైన ఆ భాగమును చదువబోయినచో, తానే మరల విప్పి చూపుచుండెడిది. అందుచే యజమానికి ఏ లోపమును తోచెడిది కాదు. లిపిని విప్పు తాళపుచెవి మొదటి సెక్టారులోని వైరసు వద్దనే ఉండెడిది. ఇది తెలియనివారు మొదటి సెక్టారును క్రొత్తగా వ్రాసి వైరసును తుడిచివేసిరి. వైరసు పోయినది, దానితో తాళపుచెవియు పోయినది. మార్చబడిన భాగములోని సమాచారము చదువరానిదైపోయెను. ముందుగా లిపిని విప్పించి, ఆపైన వైరసును తొలగించుటయే దానికి సరియైన చికిత్స.

మూడవ మెట్టున చేరువానికి 2010 నాటి అల్యూరియాన్ ఉదాహరణము. ఇది విండోసులోని డిస్కు డ్రైవరు ఫైలునే మార్చి అందులో దాగెడిది. కెర్నెలులోని కొన్ని పనులను అది వాని స్థానమునుబట్టి పిలిచెడిది. వీధి మొదటినుండి ఏడవ ఇల్లు అని గురుతు పెట్టుకొన్నవాడు, నడుమ క్రొత్త ఇల్లు ఒకటి కట్టినచో వేరొకరి తలుపు తట్టును గదా! 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు ఒక భద్రతా సవరణను విడుదల చేయగా కెర్నెలులోని స్థానములు మారినవి. అల్యూరియాన్ పాత స్థానమునే పిలిచెను. అది చేరిన యంత్రములు నీలితెరతో కూలిపోయినవి. జనులు మొదట సవరణనే నిందించిరి. రోగమున్న సంగతి దానివలననే బయటపడినదని తరువాత తేలెను. చెడిన డ్రైవరును తుడిచివేయుట కూడ దీనికి చికిత్స కాదు. డ్రైవరే లేనిచో విండోసు డిస్కును చదువలేదు. దాని స్థానమున శుద్ధమైన ప్రతిని ఉంచవలెను.

ఐదవ మెట్టున జరుగు చిక్కు మరియొక విధమైనది. కొన్ని దుష్ట ప్రోగ్రాములు రిజిస్ట్రీలో యూజర్‌ఇనిట్ పేరుండవలసినచోట తమ పేరు వ్రాసికొనును. రక్షణ సాఫ్ట్‌వేరు దుష్ట ఫైలును తీసివేయును గాని రిజిస్ట్రీలోని పేరు అట్లే ఉండిపోవును. సంకేతపదమీయగానే విండోసు లేని ఫైలును వెదకి, దొరకక, ప్రవేశించినవానిని వెంటనే బయటికి పంపివేయును. ఎన్ని మారులు ప్రయత్నించినను ఇంతే. ఒక్క వరుసను సరిదిద్దినచో యంత్రము మామూలుగా లేచును.

వైద్యుడే పొరపడినచో?

అసలు రోగమే లేనిచోట తొలగింపు జరుగుటయు కలదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ విడుదల చేసిన వైరసు గుర్తుల పట్టికలోని పొరపాటువలన, విండోసు ఎక్స్‌పి మూడవ సర్వీసు ప్యాకు గల యంత్రములలో ఎస్‌విసిహోస్ట్ అను ముఖ్యమైన ఫైలు వైరసుగా ఎంచబడి తొలగింపబడెను. నాలుగవ మెట్టునకు ఆధారమైన ఫైలు అదియే. యంత్రములు తమంతట తామే ఆగి మరల మరల ప్రారంభమగుచుండెను; నెట్‌వర్కు సంబంధము తెగిపోయెను. సవరణను నెట్‌వర్కు ద్వారా పంపుటకు వీలులేక, ఒక్కొక్క యంత్రము వద్దకు పోయి ఫైలును మరల ఉంచవలసివచ్చెను.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్ట్‌వేరుకు వచ్చిన లోపభూయిష్టమైన సవరణవలన సుమారు 85 లక్షల విండోసు యంత్రములు కూలినవని మైక్రోసాఫ్టు అంచనా వేసినది. ఆ సాఫ్ట్‌వేరులో కొంతభాగము మూడవ మెట్టున, కెర్నెలులోనే పనిచేయును. ఆనాడు అనేక దేశములలో విమానములు నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున కొందరు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. చికిత్స మాత్రము చిన్నదే: యంత్రమును సేఫ్ మోడులో ప్రారంభించి, ఒక్క ఫైలును తొలగించుట. వైరసు చేసినను, రక్షకుడు చేసినను, మెట్టు విరిగినచో ఫలితమొక్కటే యని ఇందువలన తెలియుచున్నది.

చికిత్సా క్రమము

మొదట చేయవలసినది ఏమియు చేయకుండుట. తెరపైనున్న సందేశమును ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను, లేదా ఫోనుతో ఫొటో తీసికొనవలెను. రక్షణ సాఫ్ట్‌వేరు ఏయే ఫైళ్ళను తీసివేసినదో జ్ఞాపకమున్నచో అదియు వ్రాసికొనవలెను.

రెండవది, ఆగిన మెట్టును నిర్ణయించుట. దీపమైనను వెలుగనిచో లోపము విద్యుత్తులోనో పరికరములోనో ఉండును. వైరసుతో దానికి సాధారణముగా పనిలేదు. ప్రారంభింపదగిన డిస్కు లేదని సందేశము వచ్చినచో రెండవ మెట్టును అనుమానింపవలెను. అయితే పెన్‌డ్రైవు ఏదైన యంత్రమునకు తగిలించియున్నదేమో ముందు చూడవలెను. విండోసు గురుతు కనబడి, ఆపైన నీలితెర వచ్చినచో లోపము మూడవ మెట్టునందు, ముఖ్యముగా డ్రైవర్లయందు ఉండవచ్చును. సంకేతపదమిచ్చిన పిమ్మట చెడినచో ఐదవ మెట్టు.

మూడవది, పత్రములను కాపాడుట. మరమ్మతు కంటె ముందు దీనిని చేయవలెను. వేరొక శుద్ధమైన కంప్యూటరుపై లినక్సును ఒక పెన్‌డ్రైవులో సిద్ధము చేసికొని, దానితో చెడిన యంత్రమును ప్రారంభించినచో, విండోసు లేవకున్నను డిస్కులోని పత్రములు కనబడును. వానిని వేరొక డిస్కుపైకి తీసికొనవలెను. ప్రోగ్రాములను తీసికొనరాదు. తీసికొన్న పత్రములను రక్షణ సాఫ్ట్‌వేరుతో పరీక్షించిన తరువాతనే తెరువవలెను. బిట్‌లాకర్ చేత డిస్కు రహస్యలిపిలో ఉన్నచో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య లేక ఏ పత్రమును చదువుట సాధ్యము కాదు. ప్రారంభమార్గములో మార్పు కలిగినపుడు విండోసు కూడ ఆ సంఖ్యనే అడుగవచ్చును.

నాలుగవది మరమ్మతు. విండోసు 10, 11 యంత్రములు వరుసగా కొన్ని మారులు లేవలేకపోయినచో తమంతట తామే పునరుద్ధరణ తెరను చూపును. చూపనిచో విండోసు స్థాపనకై సిద్ధము చేసిన పెన్‌డ్రైవుతో దానిని చేరవచ్చును. అందు స్టార్టప్ రిపేర్ అనునది రెండవ, మూడవ మెట్లలోని సామాన్య లోపములను స్వయముగా సరిచేయుటకు ప్రయత్నించును. సిస్టమ్ రిస్టోర్ అనునది రిజిస్ట్రీని, వ్యవస్థ ఫైళ్ళను వెనుకటి తేదీనాటి స్థితికి తెచ్చును, పత్రములను ముట్టదు. అయితే ఆనాటికే వైరసు చేరియున్నచో అదియు తిరిగి రావచ్చును గనుక మరల పరీక్షింపవలెను. సేఫ్ మోడులో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే నడచును. మామూలుగా లేవని యంత్రము సేఫ్ మోడులో లేచినచో, ఆ మోడులో నడువని వానిలోనే లోపమున్నదని అర్థము. పొరపాటున తీసివేయబడిన ఫైలు రక్షణ సాఫ్ట్‌వేరుయొక్క క్వారంటైనులో ఉండవచ్చును. పరిశీలించి వెనుకకు తేవచ్చును. వ్యవస్థ ఫైళ్ళు చెడినవేమో చూచి శుద్ధ ప్రతులను ఉంచుటకు ఎస్.ఎఫ్.సి. అను ఆదేశమును, బయాస్ యంత్రములలో మొదటి సెక్టారులోని ప్రోగ్రామును తిరిగి వ్రాయుటకు బూట్‌రెక్ అను ఆదేశమును, యు.ఇ.ఎఫ్.ఐ. యంత్రములలో ప్రారంభ ఫైళ్ళను తిరిగి ఉంచుటకు బి.సి.డి.బూట్ అను ఆదేశమును ఉన్నవి. వన్ హాఫ్ నేర్పిన పాఠమును మరువక, పత్రములు చేతికి వచ్చిన తరువాతనే మొదటి సెక్టారును ముట్టవలెను.

ఇవి ఫలింపనిచో విండోసును క్రొత్తగా స్థాపింపవలెను. ఇది ఓటమి కాదు. కెర్నెలువరకు వేరు పోయినపుడు అంతయు తొలగినదని నిశ్చయముగా చెప్పుట కష్టము. క్రొత్తగా స్థాపించుటయే అట్టిచోట నమ్మదగిన మార్గము. పత్రములు అప్పటికే భద్రముగా ఉన్నవి గనుక భయపడనక్కరలేదు. ఏ విధముగ యంత్రము బాగుపడినను, దానిపై వాడిన సంకేతపదములను వేరొక శుద్ధమైన యంత్రమునుండి మార్చుకొనవలెను. అవి దుష్ట ప్రోగ్రాము చేతికి చిక్కియుండవచ్చును.

ముందుజాగ్రత్త

పైని చెప్పిన చికిత్సలో కష్టమైన భాగము పత్రములను కాపాడుట. అది ముందే జరిగియున్నచో మిగిలినదంతయు కొన్నిగంటల పని మాత్రమే. పాఠశాలలో ముఖ్యమైన పట్టికలకు మరియొక ప్రతిని వేరొక డిస్కుపై ఉంచి, ప్రతి తీసినంతనే ఆ డిస్కును యంత్రమునుండి వేరుచేయవలెను. తగిలించియుంచినచో వైరసు దానినికూడ చెరుపగలదు. బిట్‌లాకర్ సంఖ్యను కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరుపవలెను. ప్రతి తీసినామని తృప్తిపడుట చాలదు. పరీక్షకు మూడునెలలకొకసారి ఆ ప్రతిలోని ఒక పట్టికను వేరొక కంప్యూటరుపై తెరచి చూచు పనిని ఉపాధ్యాయులు పెద్ద తరగతుల విద్యార్థులకు అప్పగింపవచ్చును. తెరచిన పట్టికలో పేర్లును, మార్కులును సరిగా ఉన్నవని వారు చూచిననాడు, యంత్రము లేచినను లేవకున్నను ఆ పాఠశాలకు నష్టము లేదు.