స్మృతియు స్థలమును

కడచిన కార్యమును భవిష్యద్రూపముతోఁ జెప్పవలసిన తావొకటి సంస్కృతమునఁ గలదు. అష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము, రెండవ పాదమున 112వ సూత్రము దానిని విధించుచున్నది. జ్ఞప్తిని దెలుపు పద ముపపదముగా నుండఁగా, నేఁటిది కాని భూతార్థమున ధాతువునకు లఙ్ రాక లృట్ వచ్చును. దీని యుదాహరణము వైయాకరణు లందఱెఱిఁగినదే. ఒకఁడు దేవదత్తుని బిలిచి, తాము కాశ్మీరమున నివసించుట జ్ఞప్తి యున్నదా యని యడుగును. అర్థము 'నివసించితిమి', రూపము 'నివసింపఁగలము'. 'యత్' శబ్దము చేరినచో నీ విధి లేదు. రెండు క్రియ లొండొంటి నపేక్షించునెడ వికల్పము.

లృట్టునకుఁ గారణమును సూత్రకారుఁడు చెప్పలేదు. చెప్పనిదాని నాయన కంటఁగట్టుట తగదు. కాని యుదాహరణమునకు వాసక్రియయే దొరకుట గమనింపఁదగును. స్మృతి కాలముకంటె ముందు స్థలమును బట్టుకొనును. తెనుఁగున నిట్టి విధి లేకున్నను, 'అచ్చట నుండెడివారము' అనునప్పు డందలి 'ఉండెడి' భూతరూపము గాదు, తద్ధర్మరూపము. కడచిన వాసము స్వభావమువలె నిలిచినదని యా రూపమే పలుకుచున్నది.

ఆ స్థలమే మాఱినచో నేమగును? ఉత్తరరామచరితమున, సీతాపరిత్యాగమైన పండ్రెండేండ్లకు రాముఁడు దండకకు మరల వచ్చును. ఏఱు పాఱినచోట నిసుకతిన్నె వేసినది. చెట్లు దట్టమైనచోటఁ బలుచనై, పలుచనిచోట దట్టమైనవి. ఇది వేఱొక యడవి యేమో యని శంక. కొండలు మాత్రము కదలలేదు. 'ఇది యదియే' యను నిశ్చయమును గలిగించునవి యవియే. నైయాయికులు ప్రత్యభిజ్ఞ యనున దీ జ్ఞానమునే.

తృతీయాంకమునఁ గవి యింకను లోఁతునకుఁ బోయెను. సీత పెంచిన యేనుఁగుగున్న యౌవనమందినది. దానిఁ జూచి రాముఁడు సంతోషింపనే సంతోషించును. కాని యరఁటులనడుమఁ దా మిరువురుఁ గూర్చుండిన ఱాతిపలకను వనదేవత వాసంతి చూపఁగాఁ జూడలేక తొలఁగిపోవును. సీత పచ్చిక పెట్టిన లేళ్లింకను దానిని విడువలేదు. మాఱుపాటే దుఃఖహేతు వనువారి కిది చాలిన సమాధానము: మాఱిన యేఱు సందేహమును మాత్రమే పుట్టించెను, మాఱని ఱాయి యేడిపించెను.

కృష్ణాతీరమున దీనికి విపరీతమైన దృష్టాంత మున్నది. ఇక్ష్వాకుల విజయపురి వెలసిన నాగార్జునకొండలోయను 1954 మొదలు 1960 వఱకుఁ ద్రవ్విరి. 1955లో నాగార్జునసాగరమునకుఁ బునాది పడెను. పిదప లోయ మునిఁగెను. కొన్ని కట్టడములను విప్పి కొండమీఁదను, రంగస్థలమును దీరమందలి యనుపునందును మరల నిలిపిరి. దండకలో వస్తువులు మాఱెను, చోటు మాఱలేదు. ఇచ్చట ఱాళ్లవియే, చోటు వేఱు. వీనియం దుదయించు 'ఇది యదియే' యను బుద్ధి ప్రమయా, భ్రమయా యనుట తార్కికులు తేల్పవలసినది.

లోయలోని పల్లెవారును వేఱుచోట్లకుఁ దరలిరి. వారి యిండ్లను ఱాతికి ఱాయిగాఁ దెచ్చి నిలిపినవారు లేరు. అందలి వృద్ధుఁడు పడవలో మనుమనికి నీటిని జూపి, 'మన మిచ్చట నుండెడివారము' అనవలసివచ్చినచో, సాక్షి యిప్పుడు ద్వీపమై నిలిచిన యా కొండ యొక్కటే.